జారిన భుజాన్ని లాగొద్దు, దయచేసి

ఊళ్లో కబడ్డీ పోటీలు పెడితే చాలు, ఎవరో ఒకరికి భుజం జారుతుంది. వెంటనే ఒకాయన వచ్చి చంకలో కాలు పెట్టి చెయ్యి పట్టి గుంజుతాడు, అది టక్కున కూర్చుంటే చుట్టూ చప్పట్లు. ఆ వీడియోలు వాట్సాప్‌లో చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

జబ్బ ఎముక తల గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. అది ఆనుకునే గుంటేమో బాగా చిన్నది, తలలో మూడో వంతుకు మించి అందులో ఆనదు. గరిటె మీద నిమ్మకాయ పెట్టినట్టే. పడిపోకుండా పట్టి ఉంచేవి గుంట అంచున ఉండే లాబ్రమ్ అనే మృదులాస్థి పట్టీ, కీలు చుట్టూ ఉన్న పొర, రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు. గుంట అంత చిన్నది కాబట్టే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, పెద్ద కీళ్లలో అన్నిటికంటే ఎక్కువగా జారేదీ ఇదే.

చాలామందికి ముందుకే జారుతుంది. భుజం మీద ఉండే డెల్టాయిడ్ కండరాన్ని నడిపించే యాక్సిలరీ నరం జబ్బ ఎముక తలకు కాస్త కింద, దాని మెడ చుట్టూనే తిరిగి వెళ్తుంది, జారినప్పుడు సాగిపోవచ్చు. జబ్బ బయటి వైపు మొద్దుబారిందంటే ఆ నరానికి దెబ్బ తగిలిందేమో అని చూడాలి. డాక్టరైతే కీలు ఎక్కించే ముందూ, తర్వాతా అక్కడ ముట్టుకుని స్పర్శ ఉందో లేదో అడుగుతారు. గ్రౌండులో గుంజేవాళ్లు ఎవరైనా అడిగారా? ఎముక విరిగి కూడా ఉంటే? పెద్ద వయసువాళ్లను అలా బలంగా లాగితే చంకలో ధమని చిరిగే ప్రమాదం కూడా ఉంది.

'తాతల నాటి నుంచి ఇంతే కదా' అంటారు. నిజమే, చంకలో మడమ పెట్టి లాగడం ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలం నాటి పద్ధతి. ఇప్పుడు నొప్పి తెలియకుండా మందిచ్చి, మెల్లగా ఎక్కించే పద్ధతులు ఎన్నో వచ్చాయి.

ఇంకోటి, ఇది రైతుల ఇళ్లలో తప్పకుండా తెలియాలి. మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టినా, ఫిట్స్ వచ్చినా భుజం వెనక్కి జారొచ్చు. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికంటే బలమైనవి, అన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటే ఎముక తలను వెనక్కి తోసేస్తాయి. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది మామూలుగానే కనిపించొచ్చు, 'కండరం పట్టేసింది' అని మాత్రలిచ్చి పంపేస్తే వారాలు గడిచిపోతాయి. చెయ్యి లోపలికి తిరిగిపోయి, బయటికి ఎంత తిప్పినా రాకపోతే మొహమాటపడకుండా ఇంకో వైపు నుంచి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి.

జారిన చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంచి, కండువాతో ఒంటికి ఆనించి కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అంతే. సంక్రాంతి పోటీలు పెట్టే పెద్దలూ, మైకులకూ ట్రోఫీలకూ అంత ఖర్చు పెడుతున్నారు కదా, పక్కన ఒక బండి సిద్ధంగా ఉంచండి, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రి ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఎవరైనా గుంజడానికి వస్తే రిఫరీయే అడ్డుకోవాలి.