గుర్రపు డెక్కకు మనమే ఎరువు

హైదరాబాద్ చెరువుల్లో గుర్రపు డెక్కను ఒకవైపు తోడుతుంటే మరోవైపు పరుచుకుంటూనే ఉంది. దానికి ఎరువు వేస్తున్నది నగరమే. మూత్రంలోని నత్రజని, మలంలోని, సబ్బుపొడిలోని భాస్వరం నాలాల వెంట చెరువు చేరుతున్నాయి. సాధారణ పద్ధతిలో మురుగును శుద్ధి చేసినా ఇవి చాలావరకు మిగిలిపోతాయి.

2021లో రాష్ట్ర ప్రభుత్వం రూ.3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలను తలపెట్టింది. అవసరమైన పనే. కానీ ఎన్ని ఎంఎల్‌డీలు (రోజుకు ఎన్ని మిలియన్ లీటర్లు), బీవోడీ (సేంద్రియ మలినాన్ని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) ఎంత అన్న రెండు ముక్కలతో సరిపెట్టే ధోరణి మాత్రం పోలేదు. నిబంధనలూ అందుకు వీలిచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2015 ముసాయిదాలో నత్రజనికి లీటరుకు 10 మిల్లీగ్రాముల పరిమితి పెట్టి, 2017 తుది ప్రకటనలో దాన్ని ఎత్తేసింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ జోక్యం చేసుకుని ఆ పరిమితిని మళ్లీ తెచ్చింది. చెరువుల్లోకి వదిలే నీటిలో భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదంది.

339 ఎంఎల్‌డీల అంబర్‌పేట పాత కేంద్రాన్నే చూడండి. అక్కడ గాలి తగలని తొట్లలో సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి. కరెంటు ఖర్చు తక్కువే, కానీ నత్రజని అమ్మోనియా రూపంలో నీటిలోనే ఉండిపోతుంది. దాన్ని వదిలించాలంటే ముందు గాలి ఊది నైట్రేటుగా మార్చాలి. తర్వాత గాలి ఆపితే మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేటును వాయువుగా మార్చి పంపేస్తాయి. వీటికి తిండి కావాలి. ఆ తిండిని మొదటి తొట్టే ఖాళీ చేస్తోంది. అందువల్ల చివర్లో గాలి ఊదే యంత్రాలు, అంటే బ్లోయర్లు, నాలుగు బిగిస్తే పని జరగదు. పచ్చి మురుగులో కొంత భాగాన్ని నేరుగా నైట్రేటును వాయువుగా మార్చే చోటికి మళ్లించేలా కేంద్రాన్ని తిరిగి రూపొందించాలి. దశలన్నీ ఒకే తొట్టిలో వంతులవారీగా నడిచే కొత్త ఎస్‌బీఆర్ కేంద్రాల్లో ఈ చిక్కు తక్కువ. అక్కడ గాలి ఊదే వేళలను, ఆపే వేళలను సర్దుకోవచ్చు. అయితే కరెంటు బిల్లుకు జడిసి బ్లోయర్లు ఆపేస్తే అమ్మోనియా ఎక్కడిదక్కడే.

మూసీ దిగువ రైతులు ఈ నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. నత్రజని పొలానికి పనికొస్తుంది కదా అనే వాదనను మేం కొట్టిపారేయం. మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి నేలకొరుగుతుందనీ ఆ రైతుకు తెలుసు. డబ్బు చాలనప్పుడు చెరువుల్లోకి నీరు వదిలే కేంద్రాలతో మొదలుపెట్టడమే సబబు. అక్కడ భాస్వరాన్ని పటికతోనో ఫెర్రిక్ క్లోరైడుతోనో అడుగుకు దించవచ్చు. ఆ బురదను వెంటనే తరలించకపోతే చేసిన ఖర్చు దండగ.

మూసీ తీరానికి సొగసులు దిద్దడానికి ముందే అంబర్‌పేట పాత కేంద్రానికి నిధులివ్వాలి. జలమండలి నిర్వహణ ఒప్పందాల్లో చెల్లింపులను శుద్ధి చేసిన నీటి పరిమాణానికే కాక, అందులో మిగిలిన నత్రజని, భాస్వరాలకూ ముడిపెట్టాలి. ఆ రీడింగులను ప్రతి కేంద్రం గేటు దగ్గర రోజూ బోర్డు మీద రాయించాలి.