అదృశ్య మానవుడికి గుంటూరు పరీక్ష

మనిషిని మాయం చేసే సినిమా ఎవరు తీసినా, విడుదలకు ముందు ఆ హీరోని ఒక పూట గుంటూరు మిర్చి యార్డులో తిప్పి చూపించాలని సెన్సారు బోర్డు నిబంధన పెట్టాలి. ఇందులో ప్రాంతీయాభిమానం ఏ కోశానా లేదు, శుద్ధ శాస్త్రీయ దృష్టి.

1933 నాటి హాలీవుడ్ అదృశ్య మానవుడినే తీసుకోండి. ఒంటిమీద నూలుపోగున్నా దొరికిపోతాడు గనక పనిమీద వెళ్ళాలంటే దిగంబరంగానే. తిన్నది అరిగేదాకా పొట్టలో కనపడుతుందనీ, వాన పడినా, పొగమసి అంటినా గుట్టు రట్టవుతుందనీ పాపం తనే ఒప్పుకుంటాడు. పొగమసికే అంత బెంగపడ్డవాడు మార్చిలో, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే వేళకి యార్డు గేటు దాటితే? వ్యాపారి టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయ పైకి తీసి దులిపితే చాలు. మొదటి తుమ్ముకి ఎవరో అలవాటుగా ‘చిరంజీవ’ అంటారు. రెండోదానికి హమాలీ కసురుకుంటాడు: ‘ఎవరయ్యా అది, ముక్కుకి తువ్వాలైనా కట్టుకోకుండా లోపలికొచ్చింది?’ మూడోదానికల్లా ఎర్రదుమ్ము పట్టి మనిషి ఆకారం తేలుతుంది. ఆపైన మంట ఎక్కడెక్కడ పుడుతుందో నలుగురూ చదివేచోట రాయలేం.

2020లో వచ్చిన అదృశ్యుడు కాస్త తెలివైనవాడు, ఒళ్ళంతా కెమెరాలున్న సూటు తొడుక్కున్నాడు. మే నెల ఎండలో ఆ సూటుతో అరండల్‌పేట దాకా నడిస్తే శత్రువులు వెతకనక్కర్లేదు, 108కి ఫోన్ చేస్తే సరి. 1987 ‘మిస్టర్ ఇండియా’ ఒక్కడే మన వాతావరణానికి పనికొస్తాడు. ఎర్రలైటు పడితేనే కనపడతాడట. మన సెంటర్లలో ఎర్రలైటు వంక చూసేదెవరు?

అసలు చిక్కు జోలికి దర్శకులు పోరు. చూపు ఆనాలంటే కంట్లోని రెటీనా వెలుతురుని పట్టుకోవాలి. వెలుతురు మనిషిలోంచి నేరుగా దూసుకుపోతే రెటీనాకి దక్కేదేముంది? లోకానికి వాడు కనపడడు, వాడికి లోకం కనపడదు. రెండు గంటలసేపు విలన్లని చితకబాదే హీరో నిజానికి గోడలు తడుముకుంటూ తిరగాలి.

నిజం శాస్త్రవేత్తలు మాత్రం గొప్పలకి పోలేదు. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంవారు మెటామెటీరియల్‌తో, అంటే తరంగాల్ని దారి మళ్ళించేలా ప్రత్యేకంగా తయారుచేసిన పదార్థంతో, చిన్న రాగి సిలిండరుని చాలావరకు మాయం చేశారు, అదీ మైక్రోవేవ్ తరంగాలకే. మామూలు కంటికి నిక్షేపంలా కనపడుతుంది. దాన్ని మన యార్డుకి పంపొచ్చు. తుమ్మే ముక్కూ లేదు, మండే ఒళ్ళూ లేదు.