ఊసరవెల్లికి అద్దాల మేడ

ఊసరవెల్లికి ఇల్లు కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది మన సోఫా రంగు. సోఫా పక్కన నప్పని కేజ్‌లో ఆ జీవి ఎంత సుఖంగా ఉంటే మాత్రం మనకేం లాభం? అందుకే నా ఓటు గాజు తొట్టికే, అదీ అడ్డంగా పొడుగ్గా ఉన్నదానికి. అది కొమ్మల మీద బతికే ప్రాణి, దానికి కావాల్సింది ఎత్తు, ఎదిగిన వెయిల్డ్ జాతి ఊసరవెల్లికో పాంథర్ జాతి ఊసరవెల్లికో 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తున్న మెష్ (జాలీ) కేజ్ పెట్టండి మహాప్రభో అని పెంచినవాళ్లు నెత్తీనోరూ బాదుకుంటారు. బాదుకోనివ్వండి. అంత ఎత్తుది పెడితే టీవీ ఎలా కనపడుతుంది?

గాజులో ఇంకో సుఖం కూడా ఉంది, కాలక్షేపం. ఊసరవెల్లికి ఒంటరితనమే ఇష్టం, ఇంకోటి కంటబడితే చాలు టెన్షన్, కాబట్టి గాజులో తన బొమ్మ తనకే కనిపించినప్పుడు ఎవడో తన కొమ్మ మీదికి వచ్చేశాడనుకుని ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి, రంగు మార్చి బుసకొడుతుంది. మనం వీడియో తీసి 'ఎంత హుషారో' అని పెట్టుకోవచ్చు. ఆ రంగు కర్టెన్‌కి మ్యాచ్ అవడానికి కాదు, చర్మకణాల్లోని అతిచిన్న స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల వచ్చేదని 2015లో జెనీవా యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. పాపం, వాళ్లు మన కర్టెన్లు చూడలేదు.

గాలాడకపోతే ఊపిరితిత్తులు చెడతాయంటారు, సరే, మూత అప్పుడప్పుడూ తీద్దాం.

నీళ్లకు గిన్నె చాలు. ఆకుల మీంచి జారే బొట్లను నాకడమే తప్ప, గిన్నెలో కదలని నీళ్లను అది చాలాసార్లు గుర్తే పట్టదట, నేర్చుకోవాలి మరి! ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ లైటు కూడా దండగే, కిటికీలోంచి ఎండ వస్తోందిగా. మామూలు గాజు యూవీబీని దాదాపుగా ఆపేస్తుందని, అది అందకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవక, తిన్న కాల్షియం పట్టక ఎముకలు వంకర్లు పోతాయని చెప్పేవాళ్లకి కరెంటు బిల్లు కట్టే అలవాటు లేనట్టుంది.

తొట్టిని నేల మీదే పెట్టండి, పిల్లలు పైనుంచి వంగి చూస్తారు. పైనుంచి వచ్చే ప్రతి తలా దానికి వేటగాడిలా కనపడుతుందన్నది దాని సొంత సమస్య. ఇంత చేశాక కూడా తిండి మానేసి పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చుంటే జబ్బు లక్షణమని, వెంటనే డాక్టరుకు చూపించమని కంగారుపెడతారు. నేను మాత్రం ధ్యానంలో ఉందంటాను. గాజు ఒక్కటి శుభ్రంగా తుడిపించండి, ఫొటోలో మరకలు పడుతున్నాయి.