23 కేజీల జబ్బు

మనవాళ్లకి ఒక జబ్బుంది. ఎక్కడికి వెళ్తున్నాం, అక్కడ ఏం చేస్తాం అని చూసి సర్దరు. ఎయిర్‌లైన్ ఎన్ని కేజీలు ఒప్పుకుంటుందో చూసి సర్దుతారు. 23 అంటే కాటా మీద 22.8 చూపించేదాకా కుక్కడమే. ఆ మిగిలిన 200 గ్రాములకి కూడా కందిపొడి పొట్లం ఒకటి దొరుకుతుంది. నేనూ ఆ బాపతే కాబట్టి ధైర్యంగా తిడుతున్నా.

రెండేళ్ల కిందట డిసెంబర్‌లో మేం రెండు కుటుంబాలు, ఎనిమిది మందిమి, కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో వారం రోజులకి ఒక కాటమరాన్ (రెండు సన్నటి పడవలు పక్కపక్కన కలిపినట్టుండే పెద్ద పడవ), దాంతోపాటు కెప్టెన్‌ని మాట్లాడుకున్నాం. (కాటమరాన్ అన్న మాట తమిళుల కట్టుమరం నుంచే వెళ్లింది. మన తీరంలో తెప్ప అంటాం. తెప్ప మీద వేటకెళ్లేవాళ్లు ఏం సర్దుకుంటారో అడిగినా మాకు బుద్ధొచ్చేది.) న్యూజెర్సీ నుంచి సెయింట్ థామస్ దీవికి విమానం, అక్కణ్ణుంచి టోర్టోలా దీవికి ఫెర్రీ. ఎనిమిది మందికి పదకొండు సూట్‌కేసులు, అన్నీ గట్టి పెంకువే. జెట్టీ చెక్కల మీద ఆ చక్రాల చప్పుడు వినగానే కెప్టెన్ బయటికొచ్చి చూశాడు. "ఇవి మడతపడతాయా?" అని అడిగాడు. జోకనుకుని నవ్వాం.

పడవ ఫోటోల్లో రాజమహల్‌లా ఉంటుంది. లోపల గది అంటే ఒక మంచం, పక్కన ఒక మనిషి ఒత్తిగిల్లి నిలబడేంత చోటు, గోడకి చిన్న అర. అంతే. మెత్తటి డఫెల్ బ్యాగైతే బట్టలు తీసేసి చుట్టి మంచం కింద తోసేయొచ్చు. పెంకు సూట్‌కేసుని ఏం చేస్తాం? నేల మీద పెడితే అల వచ్చినప్పుడల్లా జారి గోడకి గుద్దుకుంటుంది, గోడకి గీత పడితే డిపాజిట్లో కోత. ఆ వారం మా మంచం మీద ముగ్గురం పడుకున్నాం: నేను, మా ఆయన, ఎర్ర సూట్‌కేసు.

అందులో ఉన్నవాటిలో వాడింది పావు వంతు. మా వదిన నాలుగు జతల చెప్పులు తెచ్చింది. పడవెక్కగానే అన్నీ బుట్టలో వేయించాడు కెప్టెన్, నల్ల అడుగులకి తెల్ల డెక్ మీద మరకలు పడతాయని. గడప దగ్గర చెప్పులు విప్పడం మనకొకరు నేర్పాలా? అయినా నాలుగు జతలు! నేను జీన్స్, కాటన్ చుడీదార్లు పెట్టుకెళ్లా. ఉప్పునీళ్లు తగిలిన కాటన్ ఎంత ఎండబెట్టినా ఆరదు. బట్టలోని ఉప్పు గాలిలో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది, రాత్రికి మళ్లీ చెమ్మ. మంచినీళ్లలో జాడిద్దామంటే టాంకు నీళ్లు ఎనిమిది మందికి లెక్క.

ఆ వీడియోల వాళ్ల మీద నాకు అసలు కోపం. పడవ సెలవంటే చాలు, రోజుకో మ్యాక్సీ, దానికో వెడల్పు టోపీ చూపిస్తారు. నా టోపీ మొదటి గంటలోనే సముద్రుడికి సమర్పయామి. గడ్డం కింద తాడు లేని టోపీని ఆ గాలిలో పెట్టుకోవడం దండగ. టాయిలెట్‌లో కాగితం వేయకూడదని, పొడుగు జుట్టు షవర్ పంపుకి అడ్డం పడుతుందని, మోషన్ సిక్‌నెస్ మాత్ర కడుపులో తిప్పాక కాదు, బయల్దేరే ముందే వేసుకోవాలని ఒక్కరూ చెప్పరే! అలా చెప్పకే మా బావగారు మొదటి రోజంతా రెయిలింగ్ పట్టుకుని గడిపారు.

ఆయనే, "ఎండ మనకి కొత్తా?" అని సన్‌స్క్రీన్ కూడా వద్దన్నారు. నిజమే, టోర్టోలా దాదాపు మన శ్రీకాకుళం అక్షాంశం మీదే ఉంది. కానీ శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నం ఎవరైనా నీళ్ల మధ్య తెల్ల పలక మీద పడుకుంటారా? మూడో రోజుకి వీపు పొక్కింది. నేనేమో ఉత్సాహంగా రెండు స్ప్రే సీసాలు తీసుకెళ్లా. వాటిలో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉంది. పగడపు దిబ్బలకి హాని అని, మేం దిగిన సెయింట్ థామస్‌లో అలాంటివి 2020 నుంచే నిషేధం. పైగా ఆ స్ప్రే డెక్ మీద పడితే కాలు జర్రుమంటుంది. పొడుగు చేతుల ఈత చొక్కా ఒక్కటుంటే సగం గొడవ తీరిపోయేది, స్విమ్‌సూట్ అంటే మొహమాటపడే వదినకి కూడా.

ఇక ఆవకాయ. గాజు సీసాలో తీసుకెళ్లా, అమ్మ పంపింది. వర్జిన్ గోర్డా అనే దీవికి వెళ్తున్నాం. గాలి తూర్పు నుంచి, మేం వెళ్లాల్సిందీ తూర్పుకే, ఎదురు అలలకి పడవ ఎగిరెగిరి పడుతోంది. బల్ల మీద సీసా కాస్త జరిగింది, ఇంకాస్త జరిగింది, నేను "అయ్యో" అనేలోపు తెల్ల సోఫా మీద పగిలింది. ఎర్రటి నూనె కుట్ల వెంబడి మెల్లగా పాకడం ఇప్పటికీ కళ్లకి కడుతుంది. గాజు పెంకులు ఏరడానికి గంట. వట్టికాళ్లతో. సోఫాకి డిపాజిట్లో ఎంత పోయిందో అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.

మేం బాగా వాడింది వదిన ఆఖరి నిమిషంలో పడేసిన డజను బట్టల క్లిప్పులు, తలకి కట్టుకునే లైటు, నీళ్లు దూరని సంచి. జోస్ట్ వాన్ డైక్ దీవిలో వైట్ బే అని ఒడ్డుంది, అక్కడ సాగీ డాలర్ బార్ ఉంది. జెట్టీ లేక జనం పడవల మీంచి ఈదుకుంటూ తడిసిన డాలర్లతో వచ్చేవాళ్లని ఆ పేరు. మా డాలర్లు ఆ సంచిలో పొడిగానే చేరాయి.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. మనిషికో డఫెల్ అని చెప్పేశా. నిన్న తూచాను, నాది ఏడు కేజీలొచ్చింది. మా ఆయన కాటా చూసి, "ఇంకా పదహారు పడుతుంది కదే" అన్నారు. ఆవకాయ మాత్రం పెట్టా. ప్లాస్టిక్ డబ్బాలో, దాని మీద రెండు జిప్‌లాక్ కవర్లు.