సంతకాలకే పరిమితమైన బోర్డులు

కుటుంబ కంపెనీలు సైతం బయటివారిని బోర్డులోకి, అంటే డైరెక్టర్ల మండలిలోకి తీసుకోవాలన్న వ్యాసకర్త సూచనతో ఏకీభవిస్తున్నాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లుంటే చాలు కాబట్టి, భార్యాభర్తలో అన్నదమ్ములో ఆ పదవుల్లో ఉండి, జరగని బోర్డు సమావేశానికి సీఏ ఆఫీసు రాసిపెట్టిన చర్చల నమోదుపై, అంటే మినిట్స్‌పై (అందులో సుదీర్ఘ చర్చ కూడా జరిగి ఉంటుంది!) సంతకాలు చేయడం చాలాచోట్ల మామూలైపోయింది. చిన్న కంపెనీకి చట్టం అడిగేది ఏడాదికి రెండు బోర్డు సమావేశాలే. వాటినైనా నిజంగా జరిపి, బ్యాంకు అప్పులు, రావలసిన బాకీలు, బంధువుల సంస్థలతో లావాదేవీలు చర్చకు పెడితేనే బయటి వ్యక్తి అడిగే ప్రశ్నకు విలువ ఉంటుంది. కేవలం పేరున్నవారిని కూర్చోబెడితే ప్రయోజనం లేదు. 2008 డిసెంబరులో, తమ చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థల కొనుగోలుకే ఆమోదం తెలిపిన సత్యం కంప్యూటర్స్ బోర్డులో ప్రముఖులకు కొదవ లేదు.