మా ముత్తవ్వ పేరును కిలోల లెక్కన అమ్మేశారు

పరకాలలో మా పెద్దబాపు వాళ్లు ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది ఇనుప సందుగ దించి, అందులోని కాగితాలన్నీ పాత సామానోడికి తూకం వేసి ఇచ్చేశారు. ఇవాళ పొద్దున ఫ్యామిలీ గ్రూపులో ఖాళీ సందుగ ఫొటో, "ఇల్లు శుభ్రమైంది" అని కింద ఒక ముక్క. వరుసగా దండాలు, పువ్వులు. అందులో ఏముండెనని ఒక్కరూ అడగలేదు.

నేను చెబుతా. నిజాం కాలం స్టాంపు కాగితాల మీద రాసిన దస్తావేజులు, శిస్తు రసీదులు, అప్పుపత్రాలు, లగ్నపత్రికలు. సగం ఉర్దూలో, అదీ గొలుసుకట్టు షికస్తా రాతలో, తేదీలేమో ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో. "ఎవడు చదువుతాడు ఇవి" అంటాడు మా అన్న. ఫసలీకి 590 కలిపితే మనం రాసే సంవత్సరం వస్తుంది, 1345 ఫసలీ అంటే 1935-36, దీనికి ఏం పెద్ద చదువు కావాలి? ఉర్దూ చదివే పెద్దమనుషులు హన్మకొండలో, వరంగల్‌లో ఇంకా ఉన్నారు, పోయి అడిగితే సరిపోయేది.

అదే భూమి తగాదా రానీయండి, ఏ భూమి ఎవరిదో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ నకలు కావాలి, సర్వే నంబర్ల పాత రికార్డు సేత్వార్ కావాలి అని తహసీల్ ఆఫీసు చుట్టూ వీళ్లే తిరుగుతారు. అప్పటి ధరణి భూమి రికార్డుల్లో పేరు ఒక్క అక్షరం తప్పు పడిందని మా చిన్నాయన ఆ టెన్షన్‌కు అన్నం ముట్టలేదు. ఎకరానికి పనికొచ్చే కాగితమైతే బీరువాలో పెట్టి తాళం వేస్తారు, మనుషుల సంగతి చెప్పే కాగితం మాత్రం చెత్త.

కాగితం లేని ఇళ్లకు కూడా ఒకప్పుడు చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. గొల్లలకు మందెచ్చులు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, ఊరికి వచ్చి పటం విప్పో, బొమ్మలు పెట్టో కులం కథ, గోత్రాలు చెప్పేవాళ్లు. వాళ్లకు పెట్టే గింజలు మనమే బందు పెట్టాం, రావడం మానేశారు. అలాంటి కథల కోసం గీసే చేర్యాల పటాలను మాత్రం ఫ్రేము కట్టి హాల్లో వేలాడదీసుకుంటున్నాం.

అసలు నా కడుపుమంట వేరే. ఆ సందుగలో మా ముత్తవ్వ పేరున్న దస్తావేజు ఒకటుండేది. భర్త పోయాక తన పేరు మీదే చెలక కొన్న కాగితం, కింద ఆమె వేలిముద్ర. ఆమె పేరు ఇంకెక్కడా లేదు. పోయిన దసరాకు వీళ్లంతా కలిసి వంశవృక్షమని ఫ్లెక్సీ కొట్టించారు కదా, ఏడు తరాలు, అందరూ మగవాళ్లే. ముత్తవ్వ లేదు, అవ్వ లేదు, మేనత్తలు లేరు, నేనూ లేను. అడిగితే "ఆడబిడ్డలు వేరే ఇంటికి పోయేటోళ్లు కదా బిడ్డా" అన్నారు.

పెళ్లి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని 1986లోనే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, 2005లో దేశమంతా హిందూ ఇళ్లలో ఆడబిడ్డలందరికీ, పెళ్లయినోళ్లకు కూడా వచ్చింది. మా ఇంట్లో ఆ చట్టం ఎందుకు పనికొచ్చిందో తెలుసా? మేనత్తలకు కారు పంపించి మరీ రప్పించి, వాటా వద్దని సంతకాలు పెట్టించుకోవడానికి. ఆ రోజు వాళ్ల పేరు, తండ్రి పేరు, భర్త పేరు, ఆధార్ నంబరు, ఒక్క తప్పు లేకుండా రాయించారు. చిన్నత్త చేతికి ఒక చీర పెట్టి పంపారు. ఆమె బస్సుకే పోయింది, వాపసు పోవడానికి కారు లేదు. అంత జాగ్రత్తగా రాయించిన పేర్లకు ఫ్లెక్సీ మీద చోటు దొరకలేదా పెద్దబాపూ?

ఈ దసరాకు మళ్లీ కొత్త ఫ్లెక్సీ అంటున్నారు, తలా ఇంత అని చందా కూడా రాశారు. మేనత్తల పేర్లు, కోడళ్ల పేర్లు లేకుండా కొట్టిస్తే మా ఇంటి నుంచి రూపాయి రాదు, మా బాపు పేరు కూడా దాని మీద వేయొద్దు. బాపును అడిగే రాస్తున్నా.