శ్రీయుత "పారే నీళ్ళకి దోషం లేదు" గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే మా వైపు కడుపులు బాగా లేవు. మీకేం, నెల్లూరులో ఏ వీధిలోనైనా మీ మాట చెల్లుతూనే ఉంది.

చిన్నప్పుడు రంగనాయకుల గుడి మెట్ల మీద మా నాయనమ్మ మీ పేరు చెప్పే నా నెత్తిన పెన్న నీళ్ళు కుమ్మరించేది. అప్పుడేమో ఏరు నిండుగా ఉండేది, సరే అనుకున్నాం. ఇప్పుడు ఎండాకాలం వస్తే ఇసుక, జమ్ము, వాటి మధ్య నల్లగా ఒక పాయ, అది సోమశిల నుంచి వచ్చింది కాదు సార్, మన బాత్రూముల్లోంచి వచ్చింది. మీరు దానికీ సర్టిఫికెట్ ఇచ్చేశారు.

ఆ పాయలో ఈ.కోలై అనే బ్యాక్టీరియాగాడు ఉంటాడు. మామూలుగా మన పేగుల్లో తిని కూర్చునే రకం, చాలావరకు అమాయకుడే. కాకపోతే ఫేజ్ అనే, బ్యాక్టీరియాలకే పట్టే వైరస్ వచ్చి షిగా విషం తయారుచేసే జన్యువు చేతిలో పెడితే వద్దనడు. (1897లో జపాన్‌లో రక్త విరేచనాలకు కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్న కియోషి షిగా పేరే ఈ విషానికి పెట్టారు.) ఆ జన్యువున్నవాడు ఆవు పేగులో ఉంటే ఆవుకు చీమ కుట్టినట్టయినా ఉండదు, అదే పసిపిల్లల కడుపులోకి పోతే నెత్తుటి విరేచనాలు, ఒక్కోసారి కిడ్నీలకే ఎసరు.

స్నానం నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫారాలు (మలంలోంచి వచ్చే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాలు) 500 లోపు ఉంటే మంచిది, 2500 మించకూడదు అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆ పరీక్ష తలలు లెక్కపెడుతుందే కానీ ఎవడి జేబులో కత్తి ఉందో చెప్పదు, అందుకు పీసీఆర్ (జన్యువు ముక్కను లెక్కలేనన్ని కాపీలు తీసి పట్టుకునే పరీక్ష) చేసి జన్యువునే వెతకాలి. మీరేమో చెంబుతో ముంచి ఎండకు పట్టి "తేటగానే ఉన్నాయే" అంటారు, ఏం ల్యాబండీ మీది!

పోయిన ఏడు మా అక్క కొడుకు ఏట్లో ఈత కొట్టొచ్చి మూడు రోజులు మంచం పట్టాడు. మా బావ మందుల షాపుకు పోయి ఏదో యాంటీబయాటిక్ తెచ్చి వేశాడు. డాక్టరమ్మ తిట్టిన తిట్లు మీరు వినాల్సింది. ఈ విషం రకమైతే కొన్ని మందులు వాడి లోపల నిద్రపోతున్న ఆ ఫేజ్‌ను తట్టిలేపి విషాన్ని ఇంకా ఎక్కువ వదిలిస్తాయట. వాడికి తగ్గింది, మా అక్క టెన్షన్ ఇంకా తగ్గలేదు.

మా ఇంటికొస్తే కాచి చల్లార్చిన నీళ్ళిస్తాను. పారేవే కావాలంటారా, మా సందు చివర మ్యాన్‌హోల్ పొంగుతోంది, దోసిలి పట్టండి.

ఇట్లు,
మీ పాత అభిమాని